పెద్దావిడకి ఒంట్లో బాగోలేదు

“పసుపు! డీజిల్లో పసుపు! ఇదిగో, కళ్లుంటే చూడు తాతా!”

“కళ్లున్నాయి గనకే చూస్తున్నా. డీజిలు పచ్చగా కాకపోతే నీ మొహంలా నల్లగా వస్తుందట్రా?”

“ఇంత పచ్చగా ఎప్పుడొచ్చింది? లారీవాడు సీసా ఎత్తి ఎండకి పెట్టి చూసి, ‘ఇది ఇంజన్లోకా, కూరలోకా?’ అని అడిగాడు. అందరి ముందూ నా పరువు పోయింది.”

“లేనిది ఎలా పోతుందిరా?”

బట్టీల పాక దగ్గర జరుగుతున్న ఈ తగువు బావుల మిట్ట మీదికి స్పష్టంగా వినిపిస్తోంది. ఇంజను కింద వెల్లకిలా పడుకుని నట్లు బిగిస్తున్న సెనో చెయ్యి ఆపి చెవులు రిక్కించాడు. అరుస్తున్నవాడు గిమిన్, ముడినూనెని బట్టీలో కాచేవాడు. ఎదురు అరుస్తున్నది కర్దిమాన్ తాత, బావిలోంచి నూనె లాగే ఇంజను నడిపేవాడు. ఇంతలో మూడో గొంతు లేచింది. అది సర్ముజీది. ఆ బావి మీద బతికే జట్టుకి పెద్ద ఆయనే.

“ఇద్దరూ నోళ్లు ముయ్యండి. తాతా, నీకు చెప్పి చెప్పి నా నాలిక అరిగిపోయింది. రోజూ నడిమధ్య ఇంజను ఆపెయ్యడం, బావికి జబ్బు చేసిందనడం, బావిలో గ్లాసుడు కషాయం పొయ్యడం. చాలింక. రేపట్నుంచి నువ్వు నీటి గుంట దగ్గర నూనె తేర్చు. సీట్లో సెనో కూర్చుంటాడు.”

ఇంజను కింద సెనో ఉలిక్కిపడి నట్టుకి బదులు తన బొటనవేలు బిగించుకున్నాడు.

కర్దిమాన్ తాతకి ఉన్న రోగం ఒక్కటే. ఆయన బావికి రోజూ రోగం వస్తుంది. ఇది తప్ప ఆయనలో వంక పెట్టడానికి ఏమీ లేదు. తాగడు, పేకాడడు, మసీదుకి వేళకి వెళతాడు, ఎవరింట్లో విందు జరిగినా రెండుసార్లు తింటాడు. కానీ పొద్దున్నే మిట్టెక్కి బావి గొట్టం దగ్గర గొంతుక్కూర్చుని, చెవి ఆనించి, కాసేపు విని, లేచి గంభీరంగా ప్రకటిస్తాడు: “పెద్దావిడకి ఒంట్లో బాగోలేదు.”

పెద్దావిడ అంటే బావి. మా దేశాన్ని ఏలిన రోజుల్లో డచ్చివాళ్లు తవ్వి దానికో నంబరు పెట్టారు. తాత ఆ నంబరు ఒక్కనాడూ పలకలేదు. “ఆవిడేమన్నా ఖైదీనా?” అంటాడు.

“ఇవాళ ఏమైంది తాతా?” అని ఎవరో ఒకరు అడగక తప్పదు. అడగకపోతే ఆయనే మన వెనక తిరిగి చెబుతాడు.

“గ్యాసు.”

“నూనె బావికి గ్యాసు రోగమా తాతా? అది దాని ఉద్యోగం కదా?”

“నీకు కడుపుబ్బినప్పుడు కూడా ఇలాగే అంటాను, ఉండు.”

ఒకరోజు నిద్ర పట్టలేదుట. ఒకరోజు చేద తగిలి నడుం పట్టేసిందిట. వానపడితే జలుబు, ఎండకాస్తే తలనొప్పి. ఒకసారి ఏ రోగమూ తట్టలేదు కాబోలు, “అలిగింది” అన్నాడు. అలగడం రోగం ఎలా అవుతుందని సెనో వాదించబోతే, “పెళ్లయ్యాక వచ్చి అడుగు, చెబుతా” అని సిగరెట్టు వెలిగించుకోవడానికి దూరంగా పోయాడు. బావి పక్కన అగ్గిపుల్ల గీసేంత పిచ్చి మాత్రం ఆయనకి లేదు.

కొత్తవాళ్లు కూడా తప్పించుకోలేదు. కిందటేడు సర్కారు తరఫున ఒకాయన వచ్చాడు. టోపీ, బూట్లు, చంకలో ఫైలు. ఆయన మిట్టెక్కడం దూరం నుంచి చూసి గిమిన్, అనుమతి లేని బట్టీలు కాబట్టి, వాటి మీద కొమ్మలూ రెమ్మలూ కప్పేసి, కర్ర పట్టుకుని మేకల కాపరిలా నిలబడ్డాడు. చుట్టుపక్కల ఒక్క మేక లేదు. సర్కారాయన తాత దగ్గరికొచ్చి, “ఈ బావి దిగుబడి ఎంత?” అన్నాడు.

తాత ఇంజను ఆపి, సీటు దిగి, ఆయన చెవి దగ్గర మెల్లిగా అన్నాడు: “ఆడమనిషి ఒంటి సంగతులు నలుగురిలో మాట్లాడకూడదండి. మీ ఇంట్లో మాట్లాడుకుంటారా?”

“లేదు, లేదు” అని ఆయన కంగారుగా ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక నీటి గుంట ఉంది. ఆ బూటు ఇప్పటికీ అందులోనే ఉంది. ఎండాకాలం మడమ కనిపిస్తుంది.

ఇక తాత సీటు సంగతి. అది ఒకప్పుడు లారీ. ఒళ్లు పోయి, చక్రాలు పోయి, సైలెన్సరు పోయి, మూతీ సీటూ మిగిలాయి. వెనక చక్రం ఉండాల్సిన చోట ఉక్కు తాడు చుట్టుకునే పీపా. ఆ తాడు టేకు దుంగల ముక్కాలి మీదున్న గిలక ఎక్కి బావిలోకి దిగుతుంది. దాని చివర మనిషికి రెండింతల పొడవున్న ఇనుప గొట్టం, అదే చేద. తాత కాలు నొక్కితే చేద పైకి, వదిలితే కిందికి. పైకొచ్చిన చేదలో సగం ఉప్పునీళ్లు, సగం నూనె, మిగతాది బురద. దాన్ని గుంటలో పోసి తేరనిచ్చి, అడుగునున్న నీళ్లు వదిలేసి, పైనున్న నల్ల నూనె బట్టీకి మోస్తారు.

ఆ ఇంజను మోత సామాన్యమైంది కాదు. మిట్ట మీద బావులు చాలానే ఉన్నాయి, అన్నిటికీ ఇలాంటి ఇంజన్లే. కానీ సైలెన్సరు లేనిది ఇదొక్కటే. ఇది నడుస్తున్నంతసేపూ మనుషులు మూతులూ చేతులూ చూసి మాట్లాడుకోవాల్సిందే. మిట్ట మీద పెళ్లిచూపులు జరిగితే పిల్ల ఒప్పుకుందో తిట్టిందో తేలదు.

ఆపడం వరకూ తేలికే. మళ్లీ ఎక్కించడమే నరకం. బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. ముందు నుంచి హ్యాండిల్ దూర్చి ఇద్దరు తిప్పాలి. అది దగ్గి, తుమ్మి, ఒక్కోసారి ఎదురు తన్నుతుంది. సర్ముజీ ముందు పన్ను అలాగే పోయింది. తాత రోజూ ఎండెక్కే వేళకి ఠక్కున ఇంజను ఆపి, “పెద్దావిడకి మందు వేళయింది” అనగానే జట్టులో అందరి పళ్లూ పటపటలాడతాయి, సర్ముజీవి తప్ప. ఆయనకి పై పన్ను లేదు.

సరిగ్గా అప్పుడే కషాయాలమ్మే లస్మి మిట్టెక్కి వస్తుంది. వీపుకి కట్టుకున్న బుట్టలో వరసగా సీసాలు. పసుపూ చింతపండూ ఒకదాంట్లో, నానబియ్యమూ కచ్చూరమూ ఒకదాంట్లో, పేరు చెప్పుకోలేని చేదు ఇంకోదాంట్లో. ఈ సరుకుని మా వైపు జామూ అంటారు. తాత పసుపుది ఒక గ్లాసు పోయించుకుంటాడు, రెండు చేతులా పట్టుకుని బావి దగ్గరికి నడుస్తాడు, “తాగమ్మా” అని గొట్టంలోకి వంపేస్తాడు. ఇంజను ఎటూ లేవదు కాబట్టి జట్టువాళ్లూ, ఈ తమాషా చూడ్డానికి వచ్చిన చుట్టుపక్కల బావులవాళ్లూ తలో గ్లాసూ తాగిపోతారు.

సర్ముజీ ఒకసారి గట్టిగానే అడ్డుపడ్డాడు. అప్పుడు తాత ఇచ్చిన ఉపన్యాసం ఊరికి ఇప్పటికీ నోటికొచ్చు.

“నువ్వు పొద్దున్నే నోట్లో పెట్టుకునే బ్రష్షు ఎవరి బిడ్డరా? మీ ఆవిడ పెదాలకి పూసుకునే రంగు ఎవరి బిడ్డ?”

“మా ఆవిడ పెదాలు నీకెందుకు తాతా?”

“మాట తప్పించకు. బాతిక్ బట్ట మీద అద్దే మైనం, సంత దాకా పోసిన తారు, నువ్వు నీళ్లు పట్టుకునే బిందె, కూర్చునే కుర్చీ, దోమతెర, నీ కూతురి బొమ్మ, ఆఖరికి నీ కాళ్ల కింద ఆ చెప్పులు. అన్నీ నూనె కడుపున పుట్టినవే. ఊరూ నాడూ ఆవిడ పాలు తాగి బతుకుతూ, ఆవిడకి గ్లాసు కషాయం పోస్తే ఏడుస్తారా?”

సర్ముజీ చెప్పుల వంక చూసుకుని, పౌరుషానికి విడిచి పక్కన పెట్టాడు. నేల కాలి మళ్లీ తొడుక్కున్నాడు.

ఇన్నాళ్లూ ఈ గొడవ నవ్వుకోవడానికే పనికొచ్చేది. డీజిలు పచ్చబడ్డాక కొంప ముంచింది. గిమిన్ ముందు నుంచీ చెబుతూనే ఉన్నాడు, కషాయం పోసిన బావిలోంచి కషాయమే వస్తుందని. ఇప్పుడు సీసా నిండా సాక్ష్యం దొరికింది.

సెనో ఇంజను కింద నుంచి దేకి బయటికొచ్చి, నూనె చేతులు లాగుకి తుడుచుకుంటూ పాకలోకి వెళ్లాడు. వీడు చెపూ ఊళ్లో నూనె చదువు చదవడానికి వెళ్లి, మధ్యలో వదిలేసి వచ్చేశాడు. ఎందుకు వదిలేశావంటే, “పుస్తకంలో ఎంత వెతికినా నూనె వాసన రాలేదు” అంటాడు. ఒకచోట కుదురుగా కూర్చోలేడు, నోట్లో మాట దాచుకోలేడు. ఆ సీటు మీద మాత్రం వాడికి ఎప్పట్నుంచో కన్నుంది.

“గిమిన్, బావి లోతు నాలుగు వందల మీటర్లు. అందులో గ్లాసుడు పసుపా? సముద్రంలో ఉమ్మేస్తే చేపలు ఈత మానేస్తాయా?”

“మరి ఈ రంగేంట్రా?”

“నీ బట్టీ కింద మంట. ముందు తేలిక సరుకు, పెట్రోలు లాంటిది, ఆవిరవుతుంది. తర్వాత కిరసనాయిలు, ఆ తర్వాత డీజిలు. బరువు సరుకు అడుగునే ఉండిపోవాలి. నువ్వేమో తొందరగా ఇంటికి పోదామని మోళ్లకి మోళ్లు ఎగదోస్తావు. అడుగు సరుకు కూడా ఆవిరితో పాటు గొట్టంలోకి కొట్టుకొస్తుంది.”

గిమిన్ కాసేపు ఆలోచించి, “నువ్వు చదువు సగంలో మానేశావు కదా. నీ మాట కూడా సగమే నమ్ముతా” అన్నాడు. “ఆ సగంలో మంట సంగతి లేదు.”

తాత తిడతాడనుకున్నారు, బతిమాలతాడనుకున్నారు. ఆయన సెనో బుగ్గ మీదున్న మరక బొటనవేలితో తుడిచి, “క్లచ్చు కొంచెం జారుతుంది. మెల్లిగా వదులు” అని చెప్పి దిగువకి వెళ్లిపోయాడు. సెనో పుట్టకముందు నుంచీ ఆ సీటు ఆయనదే. భార్య పోయాక ఇంట్లో కంటే దాని మీదే ఎక్కువసేపు కూర్చున్నాడు. అది దిగితే ఎక్కడ కూర్చోవాలో ఊళ్లో ఎవరికీ తెలీదు, ఆయనకి అసలే తెలీదు.

మర్నాడు సెనో సీటెక్కాడు. వాడు నొక్కిన నొక్కుడికి చేద కోతిలా ఎక్కింది, దిగింది. పొద్దెక్కేసరికి గుంట నిండింది. గిమిన్ బట్టీ దగ్గర గెంతులేశాడు. సర్ముజీ పన్ను లేని చోటు కనిపించేలా నవ్వాడు. తాత గుంట గట్టున కూర్చుని రేకు డబ్బాతో నూనె తేరుస్తూ, గడియకోసారి బాట వంక చూస్తున్నాడు.

ఎండెక్కింది. లస్మి మిట్టెక్కి వచ్చింది.

సెనో ఇంజను ఆపలేదు. ఆపకూడదని సర్ముజీ మరీ మరీ చెప్పాడు. అయితే ఇంతకుముందెప్పుడూ ఇంజను నడుస్తుండగా వాడు లస్మిని చూడలేదు. ఇప్పుడు చూశాడు. బాట మలుపులో ఆవిడ ఆగి, తల ఎత్తి, నోరు తెరిచి కేక వేసింది. నోరు కదలడం కనిపించింది, అంతే. పక్క బావివాడు వీపు తిప్పుకుని తాడు చూసుకుంటున్నాడు. రెండు అడుగులు వేసి మళ్లీ నోరు తెరిచింది. గుడిసెల్లోంచి ఒక్క తల బయటికి రాలేదు. గట్టున పడ్డ చేప నోరు తెరిచినట్టు తెరుస్తూ, మూస్తూ, ఆవిడ ఒక్కో బావి దాటి వస్తోంది. బుట్టలో సీసాలు మూతి దాకా నిండుగా ఉన్నాయి.

ఇంతలో ఇంజను ఎదురుగా తాత ప్రత్యక్షమయ్యాడు. రెండు చేతులా కడుపు పట్టుకున్నాడు. కళ్లు తేలేశాడు. నాలిక బయటపెట్టాడు. చుట్టూ చూసుకుని, బురద లేని చోటు ఎంచుకుని, అక్కడ దబ్బున పడిపోయాడు.

సెనో ఇంజను ఆపేసి దూకాడు. దూరపు ఇంజన్ల గురక తప్ప మిట్ట మీద నిశ్శబ్దం పరుచుకుంది. ఆ నిశ్శబ్దంలో, ఎక్కడో తలుపు కిర్రుమన్నట్టు, సన్నగా, పీలగా:

“జామూ... జామూ...”

గుడిసెల్లోంచి తలలు బయటికొచ్చాయి. పక్క బావివాడు వెనక్కి తిరిగి చెయ్యెత్తి పిలిచాడు. ఒక ఆడమనిషి గ్లాసు పట్టుకుని, చంటిపిల్లని చంకనేసుకుని పరిగెత్తుకొచ్చింది. పడిపోయిన తాత ఒక కన్ను తెరిచి అటు చూశాడు. తృప్తిగా మళ్లీ మూసుకున్నాడు.

“తాతా! తాతా! గుండెనా?”

“గుండె లేనిది నీకే. ఎంత పిలిచినా ఆపవేంట్రా?”

“నువ్వు ఎప్పుడు పిలిచావు?”

“నేను కాదురా, మొద్దూ” అని తాత లేచి వీపు దులుపుకున్నాడు. సర్ముజీ, గిమిన్ అటు నుంచి తిట్టుకుంటూ వచ్చి హ్యాండిల్ దూర్చి తిప్పడం మొదలుపెట్టారు. ఇంజను తుమ్మింది.

లస్మి దగ్గరికొచ్చి బుట్ట దించింది. తనకంటే కాస్త పెద్ద మగవాళ్లని ఆవిడ కాంగ్, అంటే అన్నా, అనే పిలుస్తుంది. “కాంగ్, మీ పెద్దావిడకి నిన్నటి మందు పనిచేసిందా?” అంది. మాట బయటికి రావడానికి మెడ నరాలు బిగుసుకున్నాయి.

“కాస్త నయం లస్మీ. కానీ ఇంకా నలత.”

“మరి ఇవాళ చిక్కగా ఇస్తా” అని పోసిచ్చి, గుమిగూడిన జనం వైపు వెళ్లింది.

సెనో తాత మొహం వంక చూశాడు. గ్లాసు వంక చూశాడు. నోట్లో మాట దాచుకోలేడు కదా, అడిగేశాడు. “లస్మక్క గొంతుకి ఏమైంది?”

తాత గ్లాసు పట్టుకుని బావి వైపు నడిచాడు. పక్కనే సెనో.

“ముందటేడు వానాకాలం జ్వరమొచ్చి పోయింది. అంతకుముందు ఆ గొంతు వింటే మన ఇంజనే సిగ్గుపడేది. అటు చివర కేకేస్తే ఇటు చివర గ్లాసులు బయటికొచ్చేవి. ఇప్పుడు చూశావుగా. జ్వరం తగ్గి తిరిగొచ్చిన మొదటివారం పొద్దున్నుంచీ మొత్తుకున్నా ఎవడూ వినలేదు. నిండు బుట్టతో ఎక్కింది, నిండు బుట్టతో దిగింది.”

“ఓ గంట కొనివ్వచ్చుగా?”

“కొన్నా. ‘నేనేమన్నా ఐస్‌క్రీం బండినా?’ అని ఆ గంటతోనే నా నెత్తి మీద ఒకటిచ్చింది.”

“పోనీ మాకు చెప్పచ్చుగా? మేమే పిలిచి కొనేవాళ్లం.”

“మీరు జాలిగా మొహాలు పెట్టి కొంటారు. అది జాలిని ఆమడ దూరం నుంచి పట్టేస్తుంది. తిక్కది. ఆ రోజే బుట్ట కాలవలో పారేసి ఇంట్లో కూర్చుంటుంది. అందుకని ఇంజను ఆపా. చేతులు ఖాళీగా ఉండి, చెవులు పనిచేస్తే, మనిషన్నవాడు ఏదో ఒకటి తాగుతాడు.”

సెనో గ్లాసు వంక మళ్లీ చూశాడు.

“సరే, ఇంజను ఆపావు. మరి బావిలో పొయ్యడం ఎందుకు? నువ్వు తాగచ్చుగా?”

తాత అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “ఎవడు తాగుతాడ్రా? దాని చేతి కషాయం నోట్లో పెట్టుకోలేం. ఊరంతా మంచిదని ఎలా తాగుతున్నారో నాకు అర్థం కాదు. మొదటిరోజు చాటుగా బావిలో ఒంపేస్తుంటే వెనకాలే వచ్చి నిలబడింది. ‘ఏం చేస్తున్నావు కాంగ్?’ అంది. నోటికొచ్చింది అనేశా, పెద్దావిడకి ఒంట్లో బాగోలేదని. అది నమ్మేసింది. మర్నాడు పొద్దున్నే, ‘ఎలా ఉంది ఆవిడకి?’ అని ఇంటికే వచ్చి అడిగింది. ఇంక నేనేం చెయ్యను? అప్పట్నుంచీ పెద్దావిడ మంచాన పడింది.”

“తాగమ్మా” అని గ్లాసు వంచి, ఖాళీ అయ్యాక గొట్టం అంచు తన తువ్వాలుతో తుడిచాడు. దూరంగా లస్మి చూస్తోంది. తాత చెయ్యి ఊపాడు. ఆవిడ బుట్ట తేలిగ్గా వీపుకెత్తుకుని అటు మలుపు తిరిగిపోయింది.

వెనక ఇంజను దగ్గి, ఎదురు తన్ని, గిమిన్‌ని బురదలో కూర్చోబెట్టింది.

“తాతా, సీటు నీకిచ్చేస్తా” అన్నాడు సెనో. “సర్ముజీకి నేను చెబుతా.”

“వద్దు.” తాత మోకాలు రాసుకున్నాడు. “ఈ కాలు క్లచ్చు మీద నిలవడం లేదు. నువ్వు సీటెక్కకపోయినా ఇంకో నెలకి నేనే దిగేవాణ్ణి. గుంట దగ్గర హాయిగా ఉంది, బూటుతో కబుర్లు చెప్పుకోవచ్చు. సీటు నీదే.”

“అయితే రోజూ ఆపుతా.”

“ఆపుతావు, సరే. ఎందుకు ఆపావని అడిగితే ఏం చెబుతావు?”

సెనో హ్యాండిల్ పట్టుకుని తిట్టుకుంటున్న సర్ముజీ వంక చూశాడు.

“అదే మరి. అక్కడే ఉంది చిక్కంతా.” తాత వాడి భుజం మీద చెయ్యి వేసి, బురదలోంచి లేస్తున్న గిమిన్‌కి వినపడకుండా పక్కకి తీసుకెళ్లాడు. “నాకొక్క సాయం చెయ్యరా. నా దగ్గరున్న రోగాలన్నీ అయిపోయాయి. జలుబు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు, నడుంనొప్పి రెండువైపులా వాడేశాను. ఇవాళ కడుపునొప్పి నేనే తీసుకున్నా. నువ్వు కుర్రాడివి, బుర్ర పాదరసం, కొత్తవి కనిపెట్టు. రోజుకొకటి. కానీ మరీ పెద్ద రోగాలు మాత్రం పెట్టకు నాయనా. పాపం లస్మి కంగారుపడి మందు ఊరికే ఇచ్చేస్తుంది.”